పిడి చలమయ్య

చలమయ్యకి తుపాకులంటే భయం. దీపావళి టపాసులకే చెవులు మూసుకునే మనిషి. అలాంటి మనిషి చెయ్యి పడితే తప్ప తమ పిస్తోలు పిస్తోలే కాదని చిలకలూరిపేటలో కొందరు మొండికేసే రోజు ఒకటి వస్తుందని యాభై ఏళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే, పేరాల నేతవీధి మొత్తం మగ్గాలాపి మరీ నవ్వేది.

చీరాలని ఆనుకునే ఉంటుంది పేరాల. ఆ రోజుల్లో ఆ వీధిలో మగ్గం లేని ఇల్లు ఉండేది కాదు. తెల్లారుతూనే ఒక ఇంట్లో టకటకమని మొదలయ్యేది. కాసేపటికి పక్కింట్లో, ఆ తర్వాత ఎదురింట్లో. పొద్దెక్కేసరికి వీధి పొడుగునా ఒకటే చప్పుడు. ఆ చప్పుడులో చంటిపిల్లలు హాయిగా నిద్రపోయేవాళ్ళు. ఎప్పుడైనా ఆగితేనే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు.

చలమయ్య తండ్రి వీరరాఘవులు అక్కడే గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. మగ్గం మీద కూర్చున్న నేతగాడి తల పైనుంచి ఒక తాడు వేలాడుతుంటుంది. తాడు చివర కర్ర పిడి ఉంటుంది. దాన్ని కుడిచేత్తో విసురుగా లాగితే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకి పరుగెత్తి దారం వేసి వస్తుంది. రోజుకి కొన్ని వేలసార్లు లాగాలి. ఒక వానాకాలం వీరరాఘవులు అరచేతిలో బొబ్బలు చితికిపోయాయి. గుడ్డ చుట్టుకుని నేసేవాడు. సాయంత్రానికి ఆ గుడ్డ ఎర్రగా తడిసేది.

అప్పటికి చలమయ్యకి పద్దెనిమిదేళ్ళు. మగ్గం మీద నిలకడగా కూర్చోలేక పక్కవీధి వడ్రంగి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని తండ్రి నడుం వాల్చాడు. చెయ్యి పక్కకి వాలి అరచెయ్యి తెరుచుకుని ఉంది. చలమయ్య నూలుపోగు తీసుకుని పక్కన కూర్చుని, బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి దాకా, మణికట్టు నుంచి నడివేలి కణుపు దాకా కొలిచాడు. చేవదేలిన చింతకర్ర తెచ్చి, బొటనవేలికి ఒక పల్లం, మూడు వేళ్ళకి మూడు గాళ్ళు వచ్చేట్టు చెక్కి, ఆకురాయి పెట్టి అరగదీసి, నూనె పట్టించి మగ్గానికి కట్టాడు.

వీరరాఘవులు వెంటనే గుంటలో దిగి కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా నేసి, గుంటలోంచి పైకి లేచి, అరచెయ్యి తెరిచి భార్యకి చూపించాడు.

"చూశావటే, కొత్త బొబ్బ ఒక్కటి లేదు. నా చెయ్యి నాకంటే వీడికే బాగా తెలుసు" అన్నాడు.

ఆ మాట నాలుగిళ్ళకి పాకింది. ఆ వారంలోనే పదిమంది వచ్చారు. ఒకడికి బొటనవేలు పొట్టి, ఒకడికి చిటికెనవేలు వంకర, ఒకడికి అరచెయ్యి దూదిలా మెత్తన. ఏ ఇద్దరికీ ఒకే పిడి కుదరదని చలమయ్యకి అప్పుడే తెలిసింది. నాడెలు కూడా చెక్కడం మొదలుపెట్టాడు. సాయంత్రం టీకొట్టు దగ్గర నేతగాళ్ళు చేరితే అవే కబుర్లు.

"నా నాడె చూడరా, తాడు ముట్టుకుంటే చాలు, చేపపిల్లలా పోద్ది."

"ఒరేయ్, నాడె సోకు తర్వాత. ముందు నీ అంచు వంకర్లు పోకుండా చూసుకో!"

అందరూ గొల్లుమనేవాళ్ళు. చలమయ్య మూల నిలబడి టీ తాగుతూ వినేవాడు. వాళ్ళు పోట్లాడుకునే ప్రతి వస్తువూ తన చేతిలోంచి వెళ్ళిందేనని ఆయనకి లోలోపల గర్వంగా ఉండేది.

ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. మరమగ్గాలొచ్చాయి. ప్లాస్టిక్ పిడులు బస్తాల్లో వచ్చాయి. ఒక్కో ఇంట్లోనూ మగ్గం పైకెత్తి గుంట పూడ్చేశారు. నేతగాళ్ళు కొందరు చీరల కొట్లలో గుమాస్తాలయ్యారు, కొందరు చిలకలూరిపేటలో నూలు మిల్లులకి పోయారు. చలమయ్య తలుపులు చేశాడు, మంచాలు బాగుచేశాడు, కుర్చీలకి కాళ్ళు అతికించాడు. పనికి కొదవ లేదు గానీ పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడితే వీధి మూగగా ఉండేది. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడటానికి ఆయనకి చాలా ఏళ్ళు పట్టింది.

హుస్సేన్ సాహెబ్ ఆ వీధికి వచ్చింది పన్నెండేళ్ళ కిందట, కూతురు ఫర్హానా పెళ్ళికి చీరలు కొనడానికి. చిలకలూరిపేట ఆయనది. పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ముప్పై ఏళ్ళకి పైగా ఆయుధాల మరమ్మతు చేసి రిటైరయ్యాడు. ఇంకా మగ్గం వదలని కోటేష్ అనే నేతగాడి ఇంట్లో చీరలు చూస్తుంటే, ఆడవాళ్ళు రంగులు తేల్చుకునేలోపు ఆయనకి ఏమీ తోచక మగ్గం దగ్గరికెళ్ళి తాడు చివరి పిడి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఈ పిడి ఎవరు చేశారయ్యా?"

"మా చలమయ్య బాబాయండి. అది మా నాన్న నాటిది."

"ఉన్నాడా ఆయన?"

"ఉండకేం? ఆ మలుపులో మూడో ఇల్లు."

చీరల సంగతి కూతురికి వదిలేసి హుస్సేన్ సాహెబ్ మలుపు తిరిగాడు. ఆ రోజుకైతే మాట్లాడి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన పది రోజులకి మళ్ళీ వచ్చాడు. భుజాన సంచీ ఉంది. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, సంచీలోంచి పిస్తోలు తీశాడు.

వంటింట్లోంచి వస్తున్న చెంచమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓరి నాయనో! ఏందయ్యా ఇది? పట్టపగలు తుపాకీ పట్టుకుని ఇళ్ళలోకొస్తున్నారా?"

"అమ్మా, భయపడకండి. ఇది గాలి పిస్తోలు. అట్టముక్కకి చిల్లు పెడుతుంది, అంతే. దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు."

"చిల్లు పెట్టేదే కదా! ముందు దాన్ని ఆ గోడవైపు తిప్పండి."

హుస్సేన్ సాహెబ్ పకపకా నవ్వి పిస్తోలు గోడవైపు తిప్పాడు. "కొత్త కానిస్టేబుళ్ళకి నేను మొదటి రోజు చెప్పే పాఠం ఇదేనమ్మా. మీకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది."

విషయం ఏమిటంటే, ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన వేలమంది పిస్తోళ్ళు బాగుచేశాడు గానీ ఒక్కటీ తనది కాదు. రిటైరయ్యాక సరదా తీర్చుకుందామని ఈ గాలి పిస్తోలు కొనుక్కున్నాడు. స్ప్రింగు పిస్తోలు. గొట్టం విరిచి, సీసపు గుండు పెట్టి, మళ్ళీ సరిచేసి పేల్చాలి. దాని పిడి మాత్రం ప్లాస్టిక్. ఎవడి చేతికో చేసింది, అందరి చేతుల్లోనూ జారేది.

"నువ్వు నేతగాడికి చేసినట్టు నాకూ చెయ్యాలయ్యా" అన్నాడు.

"సాయిబుగారూ, నాకు తుపాకుల సంగతేం తెలుసండీ?"

"తుపాకీ సంగతి నేను చూసుకుంటా. నువ్వు చెయ్యి సంగతి చూడు."

చేతి అచ్చు తీసుకోవడానికి బంకమట్టి కావాలన్నాడు చలమయ్య. ఎండాకాలం, ఎక్కడా దొరకలేదు. చెంచమ్మ చపాతీలకి పిండి కలుపుతోంది. తనకి షుగరొచ్చినప్పటి నుంచీ రోజూ అదే. సణుక్కుంటూనే ఒక ముద్ద తెచ్చిచ్చింది. హుస్సేన్ సాహెబ్ దాన్ని పిస్తోలు పట్టుకున్నట్టు పట్టుకుని నొక్కాడు. చలమయ్య ఆ ముద్దని వెలుగులోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చూపుడువేలు అచ్చు అసలు పడలేదేమండీ? భారమంతా నడివేలు మోస్తోంది."

హుస్సేన్ సాహెబ్ ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఎంత తొందరగా పట్టావో! చూపుడువేలికి ట్రిగ్గర్ నొక్కే పని ఉంది. అది తేలిగ్గా, ఎవరి జోలికీ పోకుండా ఉండాలి. మిగతా చెయ్యంతా దానికి చాకిరీ చెయ్యాలి."

మొదటి పిడి కుదరలేదు. రెండోదీ కుదరలేదు. మగ్గం పిడి లాగడానికి పుట్టింది, ఇది కదలకుండా ఉండటానికి పుట్టింది. ఆ తేడా చలమయ్య చేతికి ఎక్కడానికి రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒకరోజు హుస్సేన్ సాహెబ్ బలవంతాన ఆయన చేతిలో పిస్తోలు పెట్టాడు. ఒకసారి పేలిస్తే గానీ అదురు చేతిలో ఎక్కడ తగులుతుందో తెలియదన్నాడు. చలమయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని, రెండు కళ్ళూ మూసుకుని నొక్కాడు. గుండు ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు. కానీ బొటనవేలి మొదట్లో, మణికట్టుకి రెండంగుళాల పైన, దెబ్బ తగిలిన చోటు మాత్రం స్పష్టంగా తెలిసింది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, తండ్రి పాత పట్టెమంచం నల్లటి జిట్రేగి కర్ర కోడు కోసి మూడో పిడి చెక్కాడు. దాన్ని బిగించి పొద్దు వాలేదాకా పేల్చి, హుస్సేన్ సాహెబ్ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. అచ్చం వీరరాఘవులు లాగానే.

అలా మొదలైంది. హుస్సేన్ సాహెబ్ ఆ పిస్తోలు తీసుకుని ఊరుకునే రకం కాదు. చిలకలూరిపేటలో జయరావు అని, తాతల నాటి జిన్నింగు మిల్లు నడిపే ఆసామి ఉన్నాడు. మిల్లు వెనక పాత పత్తి గోడౌను ఒకటి ఖాళీగా పడి ఉండేది. హుస్సేన్ సాహెబ్ సలహా మీద జయరావు ఆ గోడౌనులో పది మీటర్లు కొలిపించి, చివర ఇసుక బస్తాలు పేర్పించి, ముందు ఇనుప రేకుకి అట్ట టార్గెట్లు తగిలించే ఏర్పాటు చేయించాడు. ఆదివారం పొద్దున పిస్తోళ్ళ సరదా ఉన్నవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. కొత్త పిడి కావాలన్నా, ఉన్నది సరిచెయ్యాలన్నా చలమయ్య రావాలి. రాను రాను పని ఉన్నా లేకపోయినా ఆదివారం ఏడింటికల్లా ఆయన చీరాల బస్టాండులో పేట బస్సెక్కేవాడు.

"పిస్తోలు మీద ఇష్టం లేదంటావు, మళ్ళీ ఈ తిరుగుడేందయ్యా?" అనేది చెంచమ్మ.

ఆయన సంచీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. అసలు కారణం చెప్తే నవ్వుతుందని అనుమానం. గోడౌను అంటే పైన రేకులు, లోపల బోలు. ఒకరి తర్వాత ఒకరు పేలుస్తుంటే ఆ చప్పుడు రేకులకి తగిలి టక్, టక్ అని వినిపించేది. కళ్ళు మూసుకుంటే పేరాల వీధి. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. పేల్చడం అయ్యాక స్టూళ్ళు లాక్కుని కూర్చుని వీళ్ళు చేసుకునే పోట్లాటలు.

"ఇది చూడండి సాయిబుగారూ" అనేవాడు జయరావు తన జర్మనీ పిస్తోలు ముందుకి పెట్టి. "సిలిండరు గాలి. పేలిందో లేదో చేతికే తెలియదు. వెన్నముద్ద."

"చేతికి తెలియకపోతే ఇంక పేల్చడం ఎందుకయ్యా? నాది చూడు. నువ్వు తప్పు చేస్తే అక్కడికక్కడే చెయ్యి మీద కొడుతుంది. అదీ గురువంటే!"

"ఆ గురువుగారు అన్నేళ్ళు కొట్టినా శిష్యుడి మార్కులు ఎనభై దాటలేదు కదండీ" అనేది లక్ష్మీదుర్గ.

అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ పర్చూరులో హైస్కూలు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైంది. గొంతు ఇంకా స్కూలు మైదానంలో ఉన్నట్టే ఉండేది. ఆవిడ పిస్తోలు వేరే రకం. పక్కనున్న పొడుగాటి మీటని తెరిచి గట్టిగా మూస్తే లోపల గాలి బిగుసుకుంటుంది. ఒక్క మూతకి ఒక్క గుండు.

"నాకు నా మీట పిస్తోలే. ప్రతిసారీ అదే గాలి, అదే బలం. సిలిండరు అయిపోయిందని ఆదివారం పూట గుంటూరు పరుగెత్తే పని లేదు. ఆ జర్మనీ దొరని చేత్తో కూడా ముట్టను."

"ముట్టుకుంటే వదలరని భయం!" అనేవాడు జయరావు.

వయసులో ఉండగా ఆవిడ హైదరాబాదు పోటీలకి వెళ్ళి మందుగుండుతో పేలే పాయింట్ టూటూ పిస్తోలు పేల్చి వెండి పతకం తెచ్చుకుంది. ఆ పిస్తోలు క్లబ్బుది. పోటీ అవగానే తిరిగిచ్చేయాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గేది. "అంత మంచి పిస్తోలు మళ్ళీ పట్టుకోలేదండీ. ఎవరి దగ్గరుందో" అనేది. హుస్సేన్ సాహెబ్ ఆ మాటకి తలూపేవాడు. తన ఆయుధాగారంలో పాతబడి రద్దు చేసిన పిస్తోళ్ళని తనే స్వయంగా ముక్కలు కోయాల్సి వచ్చిన రోజుల గురించి చెప్పేవాడు. ఒకదాని నంబరు ఇప్పటికీ ఆయనకి నోటికొచ్చు. చలమయ్య వింటూ కూర్చునేవాడు. పొయ్యిలో పెట్టేసిన మగ్గాలు ఆయనకి గుర్తొచ్చేవి.

చలమయ్య బస్సు పర్చూరు మీదుగానే వెళ్ళేది. లక్ష్మీదుర్గ అక్కడ ఎక్కేది. ఆయన పక్క సీటులో సంచీ పెట్టి ఆవిడ కోసం ఆపి ఉంచేవాడు. మాఘమాసంలో రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటే, కిటికీ మూసినా ఘాటు లోపలికొచ్చి ఇద్దరూ తుమ్ముకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆవిడ పిడి గురించి ఏదో ఒక ఫిర్యాదు చేసేది. ఆయన చెవి మీది పెన్సిలు తీసి గుర్తు పెట్టుకునేవాడు.

పోయిన దసరా తర్వాతి ఆదివారం పర్చూరులో ఆవిడ ఎక్కలేదు. ఆ మరుసటి ఆదివారం కూడా ఎక్కలేదు. పక్షవాతం వచ్చిందనీ, కుడిచెయ్యి పడిపోయిందనీ గోడౌనులో హుస్సేన్ సాహెబ్ చెప్పాడు. ఆ రోజు ఎవరూ ఎక్కువసేపు పేల్చలేదు. పోట్లాట అసలే లేదు.

ప్రాణభయం తప్పి ఇంటికొచ్చిందని తెలిశాక చలమయ్య ఒక పని చేశాడు. ఆయన ఎవరికి పిడి చెక్కినా, అదే కొలతతో వేపకర్రతో ఒక నకలు చేసి, దాని మీద పేరు రాసి గూట్లో పెట్టుకునేవాడు. లక్ష్మీదుర్గ నకలు తీసి అద్దం ముందు పెట్టాడు. అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనపడుతుంది కదా. దాన్ని చూస్తూ ఎడమచేతికి పిడి చెక్కాడు. నెల రోజులు పట్టింది. పాతగుడ్డలో చుట్టి పర్చూరు తీసుకెళ్ళాడు.

ఆవిడ కూతురు సౌజన్య తలుపు తీసింది. లక్ష్మీదుర్గ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో తెచ్చి పెట్టిన వస్తువులా ఉంది. మాట కాస్త ముద్దగా వస్తోంది గానీ విరుపు ఎక్కడికీ పోలేదు.

"ఏంటండీ చలమయ్యగారూ, చెయ్యిని పరామర్శించడానికొచ్చారా?"

ఆయన గుడ్డ విప్పి పిడి ఆవిడ ఎడమచేతికిచ్చాడు. ఆవిడ పట్టుకుంది. వేళ్ళు అటూ ఇటూ సర్దుకుంది. తర్వాత దాన్ని పక్కనున్న బల్ల మీద పెట్టేసింది.

"ఇది నా చెయ్యి కాదండీ."

"మీదేనమ్మా. మీ కుడిచేతి కొలతే, అద్దంలో చూసి తిప్పి చేశాను."

"అదే నేననేది. నా కుడిచెయ్యి ముప్పై ఏళ్ళు విజిల్ పట్టుకుంది, కబడ్డీ కోర్టుకి ముగ్గు వేసింది, పిస్తోలు పట్టుకుంది. ఈ ఎడమచెయ్యి ఏం చేసిందండీ? గడియారం పెట్టుకుని పక్కన నిలబడింది. దీనికేం తెలుసు? ఇంక ఆ సరదా అయిపోయింది. వదిలెయ్యండి."

సౌజన్య ముఖం పక్కకి తిప్పుకుంది. చలమయ్య బల్ల మీది పిడిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. తప్పు తనదే. యాభై ఏళ్ళు ఇంతమంది చేతులు చూసి, మనిషి రెండు చేతులూ ఒకటే అనుకున్నాడు. కొత్తగా మగ్గమెక్కిన కుర్రాళ్ళకి తను పిడులు ఎలా చేసేవాడో అప్పుడు గుర్తొచ్చింది. అలవాటు లేని చేతికి లోతు గాళ్ళు పెడితే నొప్పి పుట్టి పని మీదే విరక్తి వస్తుంది. సన్నగా, నున్నగా చేసిచ్చి, చెయ్యి ముదిరేకొద్దీ నెల నెలా ఒక్కో గాడి లోతు చేసేవాడు.

"అమ్మాయ్ సౌజన్యా, ఇంట్లో గోధుమపిండి ఉందా? ఒక ముద్ద కలిపి తీసుకురా తల్లీ" అన్నాడు.

"ఎందుకండీ?" అంది లక్ష్మీదుర్గ.

"నాకీ చెయ్యి తెలీదమ్మా. తెలుసుకోవాలి."

ఆవిడ చాలాసేపు వద్దంది. ఆయన వాదించలేదు, లేవనూ లేదు. చివరికి విసుగొచ్చి పిండిముద్దని ఎడమచేత్తో నొక్కింది. అచ్చు లోతుగా పడలేదు. చిటికెనవేలు గుర్తు కూడా లేదు. చలమయ్య దాన్ని ఆకులో చుట్టుకుని, తను చెక్కిన పిడిని సంచీలో వేసుకుని బస్సెక్కాడు.

ఈసారి పిడి సన్నగా చేశాడు. గాళ్ళు లేవు, వేళ్ళు ఆనడానికి చిన్న వాలు మాత్రమే ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవిడ మీట పిస్తోలు మూయాలంటే రెండు చేతుల్లోనూ బలం ఉండాలి. చలమయ్య ఆ మాట గోడౌనులో చెప్పగానే జయరావు తన జర్మనీ పిస్తోలు తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"దీనికి బలం అక్కర్లేదు, గాలి సిలిండరులోనే ఉంది. నా పిడి ఊడదీసి ఆవిడది బిగించండి."

"మరి మీరండీ?"

"సాయిబుగారి గురువు చేత నాలుగు దెబ్బలు తింటానులెండి."

సంక్రాంతి వెళ్ళాక, ఒక ఆదివారం సౌజన్య తల్లిని కారులో తీసుకొచ్చింది. లక్ష్మీదుర్గ చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా గోడౌనులోకి నడిచింది. ఎవరూ చెయ్యి అందించలేదు. హుస్సేన్ సాహెబ్ ముందే అందరినీ హెచ్చరించాడు. ఆయన ఆవిడ కళ్ళజోడు కుడి అద్దానికి ఒక అట్టముక్క అంటించాడు. ఎడమచేత్తో పేల్చేటప్పుడు ఎడమకన్నే గురి చూడాలి, అన్నేళ్ళ అలవాటుకొద్దీ కుడికన్ను ముందుకి దూకుతుందన్నాడు.

జయరావు పిస్తోలు బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, ఆయన్ని చూసింది.

"మొత్తానికి జర్మనీ దొరని ముట్టించారు!"

"నేనేం చెయ్యలేదండీ. దొరే మీ దగ్గరికొచ్చాడు."

గుండు పెట్టడానికి ఆవిడకి రెండు నిమిషాలు పట్టింది. కుడిచేతి వేళ్ళలో కొంచెం కదలిక వచ్చింది గానీ మినపగింజంత గుండు ఆ వేళ్ళకి నిలవడం లేదు. రెండుసార్లు జారి కిందపడింది. జయరావు ముందుకి కదలబోతే హుస్సేన్ సాహెబ్ భుజం మీద చెయ్యేసి ఆపాడు. మూడోసారి లోపలికి వెళ్ళింది. ఆవిడ లేచి నిలబడి, ఎడమచెయ్యి చాచింది. పిస్తోలు మూతి గాలికి ఆకులా ఊగింది. చలమయ్య ఆ చేతినే చూస్తున్నాడు. ఆయనకి టార్గెట్ కనపడటం లేదు, అక్కర్లేదు కూడా. బొటనవేలు మొదలు దగ్గర పిడికీ చర్మానికీ మధ్య గోరు పట్టేంత సందు ఉంది. అది తప్పిస్తే పట్టు బాగానే ఉంది.

మొదటి గుండు అట్టకి తగల్లేదు, రేకుకి తగిలి టంగుమంది. రెండోది అంచున తెల్లలో పడింది. మూడోదానికి ముందు ఆవిడ చెయ్యి దించేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తింది. ఏడు! హుస్సేన్ సాహెబ్ ఈల వేశాడు. పది గుండ్లూ అయ్యేసరికి నూటికి నలభై ఆరు వచ్చాయి. ఒకప్పుడు తొంభై రెండు కొట్టిన మనిషి. ఆ అట్టని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది. కళ్ళు తుడుచుకుందో, కళ్ళజోడు సర్దుకుందో చలమయ్యకి తెలియలేదు.

ఆ తర్వాత స్టూళ్ళు దగ్గరికి లాగారు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ మొదలైంది.

"ఇప్పుడు చెప్పండి మేడం. ఏది గొప్ప?" అన్నాడు జయరావు.

"ఇది మెత్తగానే ఉంది. కాదనను. కానీ అసలు పేల్చినట్టే లేదండీ, టైపు మిషను కొట్టినట్టుంది."

"అదీ మాట!" అన్నాడు హుస్సేన్ సాహెబ్ తొడ చరిచి. "నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే కదా!"

"మీరు ఊరుకోండి సాయిబుగారూ. మీ గురువుగారికి జయరావుగారి చెయ్యి వాచిపోయింది, చూడండి."

నిజంగానే జయరావు బొటనవేలి మొదలు నొక్కుకుంటున్నాడు. నవ్వులు రేకులకి తగిలి మోగాయి. చలమయ్య ఇసుక బస్తా మీద కూర్చుని, చెంచమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పి అందరికీ పెట్టాడు.

ఇది జరిగి మూడు నెలలైంది. లక్ష్మీదుర్గ చేతికర్ర వదల్లేదు, కుడిచేతికి పూర్తి స్వాధీనం రాదని డాక్టర్లు తేల్చేశారు. కానీ కారు మానేసి బస్సులోనే వస్తోంది. కండక్టరుకి ఆవిడ సంగతి తెలుసు కాబట్టి పర్చూరులో కాసేపు ఎక్కువ ఆపుతాడు. మార్కులు అరవై దాటాయి. పోయిన ఆదివారం తిరుగు ప్రయాణంలో చలమయ్య పక్కన కూర్చుని ఎడమచెయ్యి తెరిచి చూపించింది.

"చలమయ్యగారూ, చిటికెనవేలి దగ్గర ఒత్తుతోందండీ. ఈ బొటనవేలి కింద సందు కూడా మళ్ళీ పూడ్చాలి. ఏం చేశారసలు, సరిగ్గా చూసుకోలేదా?"

చలమయ్య ఆ అరచేతిని కిటికీ వెలుగుకి తిప్పి చూశాడు. చిటికెనవేలి మొదట్లో, ఎర్రగా, కందిగింజంత కొత్త కాయ కాసింది.

"చేస్తానమ్మా. చెయ్యి ముదురుతోంది, ఇంక ఇక్కడ నూలుపోగంత లోతు గాడి తీస్తే సరిపోద్ది" అని పెన్సిలు తీశాడు.